నాలుగో మూల

పోయిన వారం మనం బ్రెడ్డక్కని నడివీధిలో, అందరి కళ్ళ ముందూ తల దించుకుని నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. ఆమె కూరల బండి ముందు వరసలో నిలబడ్డ దర్జీ పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలాడు. ఆయన కూతురు పరుగున వచ్చి, "మా నాన్నకి ఏం తినిపించావే?" అంటూ అక్క రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది. వార్డు ఆఫీసరు బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. పెద్దాయన చేతిలోంచి జారిపడ్డ కూరల చీటీని కూడా ఏరి ఫైల్లో పెట్టుకున్నాడు. బండి ఖాళీ చేసి ఉంచమనీ, గురువారం పదకొండింటికి విచారణకి రమ్మనీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఇవాళ గురువారం.

పెద్దాయన ఇంకా కళ్ళు తెరవలేదు. ఆయన మూత్రపిండాలు చాలాకాలంగా సరిగ్గా లేవనీ, అలాంటివాళ్ళ ఒంట్లో పాలకూరలో టమాటాలో ఉండే ఒక రకం ఉప్పు బయటికి పోకుండా పేరుకుపోతుందనీ, అది హద్దు మీరితే గుండె తడబడుతుందనీ ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. మూడు రోజుల్లో ఆ మాట కాలనీలో పసిపిల్లల నోట కూడా నలిగింది. ఆకుకూర మనిషిని పడగొడుతుందని అంతకు ముందు ఎవరైనా అనుంటే నవ్విపోయేవాళ్ళు.

బ్రెడ్డక్క అంటారు గానీ ఆమె జన్మలో ఒక్క బ్రెడ్డుముక్క అమ్మిన పాపాన పోలేదు. మూతపడ్డ బేకరీ వాళ్ళ దగ్గర ఆ వ్యాను కొన్నప్పుడు దాని పక్కన ఇంత పొడుగు బ్రెడ్డు బొమ్మ ఉండేది. మూడుసార్లు రంగు వేయించింది. ఎండ పడితే చాలు, మహానుభావుడు మళ్ళీ కనిపిస్తాడు. దాంతో పేరు అలా ఖాయమైపోయింది.

ఆ బండి రాకముందు కాలనీ సంగతి చెప్పాలి. ఏటవాలు మీద పదకొండు వరసల మేడలు, మధ్యలో మెట్లు. ఒకే ఒక్క కొట్టు. అందులో పాకెట్లు, బిస్కెట్లు, సీసాల్లో రంగునీళ్ళు, మొలకలొచ్చిన బంగాళదుంపలు. పచ్చటి కూర కావాలంటే రెండు బస్సులు మారి కిందికి పోవాలి, సంచీ మోసుకుని నూటపాతిక మెట్లు ఎక్కాలి. ఫ్యాక్టరీలోనూ లాండ్రీలోనూ పని చేసి వచ్చే మనుషులకి ఆ ఓపిక ఎక్కడిది? వాళ్ళు దిగేసరికి అక్కడ కొట్లు కట్టేసేవాళ్ళు. క్లినిక్కులో నర్సమ్మ వచ్చినవాళ్ళందరికీ "తాజా కూరలు తినండి" అని రాసి రాసి విసిగిపోయింది. ఒకరోజు ఒక ముసలావిడ ఆ కాగితాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, "ఎక్కణ్ణుంచి తెచ్చుకోమంటావు తల్లీ?" అంది. ఆ మర్నాడే నర్సమ్మ సెలవు పెట్టి టోకు మార్కెట్టుకి పోయి, నోరు మంచిదని పేరున్న ఈ అక్కని వెతికి పట్టుకుంది.

అలా మొదలయ్యాయి చీటీలు. చేతిలో డబ్బు ఆడని జబ్బుమనుషులకి క్లినిక్కు నెలకో చీటీ ఇస్తుంది. వారానికోసారి బండి దగ్గర చూపిస్తే ఒక సంచీ కూరలు. పైకం వార్డు ఆఫీసు కడుతుంది. పుస్తకం పట్టుకుని పేర్లు రాసుకోవడం బ్రెడ్డక్క వల్ల అయ్యే పని కాదు, వరస కదలద్దూ! అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. చీటీకి నాలుగు మూలలు, నెలకి నాలుగు వారాలు. సంచీ ఇచ్చినప్పుడల్లా ఒక మూల వేళ్ళతో చింపేస్తుంది. మూలలు అయిపోతే నెల అయిపోయినట్టు. ఇంత తేలికైన లెక్క ఇంకోటి లేదని ఆఫీసరు కూడా అప్పట్లో మెచ్చుకున్నాడు.

బండి వెనక తలుపుకి తాళం లేదు, గొళ్ళెమే. ఇవాళ తొమ్మిదింటికి అక్క వచ్చి తలుపు తీసేసరికి లోపల మూడు రోజుల మగ్గిన వాసన గుప్పుమంది. పాలకూర కట్టలు నల్లబడి జారిపోతున్నాయి. క్యాబేజీలు పై రేకులు వాడి లోపల బాగానే ఉన్నాయి. ఇవాళ మూడో వరస వాళ్ళ వంతు. నిన్న తమ వంతుకి ఖాళీ సంచీలతో వచ్చి, బండి అద్దానికి ఆఫీసరు అంటించిన సీలు కాగితం చూసి వెనక్కి పోయినవాళ్ళ ముఖాలు ఆమెకి నిన్నట్నుంచీ కళ్ళలో మెదులుతూనే ఉన్నాయి.

ముందు ట్రేల మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డలు తీసి మడత పెట్టింది. అవి దర్జీ పెద్దాయన కుట్టి ఇచ్చినవే. ఎండకి కూరలు వాడిపోతున్నాయని ఎవరూ అడక్కుండానే కొలతలు తీసుకుని పోయి, వారం తిరక్కుండా పద్నాలుగు గుడ్డలు పట్టుకొచ్చాడు. వాటి అంచులు రంపం పళ్ళలా ఉంటాయి. "ఇదేంటి పెద్దయ్యా, ఎలకలు కొరికాయా?" అని అప్పుడు అక్క వేళాకోళమాడింది. ఆయన జేబులోంచి బరువైన కత్తెర తీసి చూపించాడు. దాని రెండు అలుగులకీ పళ్ళున్నాయి. "ఇలా కత్తిరిస్తే దారం పోగు ఊడదమ్మా. మా గురువుగారిచ్చిన కత్తెర. ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు," అన్నాడు. ఆ మాట చెబుతుంటే ఆయన ముఖంలో కనిపించిన గర్వం అక్క ఇప్పటికీ మర్చిపోలేదు.

గుడ్డలు పక్కన పెట్టి టమాటా ట్రే ఎత్తింది. టమాటాలు అడుగున ఒత్తుకుని చితక్కుండా చేతికి ఏ కాగితం దొరికితే అది పరవడం ఆమెకి మార్కెట్టునాటి అలవాటు. పాత పేపర్లు, క్యాలెండరు కాగితాలు, పెళ్ళి పత్రికలు కూడా. తడిసిన కాగితాలు ఒక్కొక్కటే ఊడబీకి బకెట్లో పడేస్తోంది. నాలుగో ట్రే అడుగున ఒక తెల్ల కాగితం వచ్చింది. మీద క్లినిక్కు ముద్ర. సగం రసం మరకలో ఎర్రబడింది. గుండ్రటి చేతిరాత.

"అక్కా, ఈ నెల నుంచి కిడ్నీ జబ్బున్నవాళ్ళ చీటీకి ఒక మూల ఎర్ర పెన్సిల్‌తో గీత గీస్తున్నాను. ఎర్ర గీత ఉన్నవాళ్ళకి పాలకూర, టమాటా, బంగాళదుంప, అరటిపళ్ళు అస్సలు ఇవ్వొద్దు. క్యాబేజీ, కీర దోసకాయ, ఉల్లిపాయ, యాపిల్ ఇవ్వు. ఇది చాలా ముఖ్యం. అర్థం కాకపోతే ఒకసారి లోపలికి వచ్చి కలువు."

కింద నర్సమ్మ సంతకం, నెల మొదటి తేదీ.

అక్క బండి మెట్టు మీద కూలబడింది. గుర్తొచ్చింది. ఆ రోజు వాన. క్లినిక్కు ఆయా చీటీల కట్టతో పాటు ఏదో కాగితం కిటికీలోంచి అందించింది. "ఆ, సరే సరే" అంది తను. మామూలుగా వచ్చే సెలవు రోజుల కాగితం అనుకుంది. తర్వాత చూద్దాంలే అని సీటు మీద పడేసింది. ఆ తర్వాత ఏ పొద్దునో చీకటి విడవకముందే మార్కెట్టులో ట్రేలు సర్దుతూ చేతికందగానే పరిచేసింది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చేసే పని. కళ్ళు మూసుకునే చేసింది కూడా.

అంతటితో అయిపోతే బాగుండేది. పెద్దాయన ఆ నెల మొదటిసారి వచ్చినరోజు కూడా గుర్తొచ్చింది. చీటీకి అప్పటికే మూడు మూలలే ఉన్నాయి. "ఒక వారం అయిపోయిందే పెద్దయ్యా?" అని తనే అడిగింది. "అయిపోయిందేమోలే అమ్మా," అన్నాడాయన, ఎటో చూస్తూ. అంతకు ముందు వారం ఆయన రాలేదని అక్కకి బాగా తెలుసు. ఎక్కడో పొరపాటు జరిగింది, పాపం నోరు లేని మనిషి నష్టపోతున్నాడనుకుంది. ఆయన అడక్కుండానే ఆ వారం రెట్టింపు పోసింది. మంచి లేత పాలకూర నాలుగు కట్టలు, ముగ్గిన టమాటాలు. సంచీ అందుకుంటూ ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది నేను తినొచ్చంటావా అమ్మా?"

ఆమె నవ్వింది. "ఆకుకూర తింటే ఎవరికైనా చెడు జరుగుతుందా పెద్దయ్యా? శుభ్రంగా తిను. నాలుగు రోజుల్లో నీ మొహం తేటపడకపోతే నన్నడుగు."

తన నోటితో తను అన్న మాట. తర్వాతి వారం కూడా అలాగే పోసింది. ఆ మాట విన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు ఆస్పత్రిలో ముక్కుకి గొట్టంతో పడుకుని ఉన్నారు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. బకెట్ పక్కనే ఉంది. అందులో వేసి రెండుసార్లు తొక్కితే గుజ్జయిపోతుంది. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. చాలాసేపు ఉంది కూడా.

"అక్కా."

ఎదురుగా పెద్దాయన కూతురు. లాండ్రీలో పని చేసే మనిషి, ఆవిరికి వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఉబ్బి తెల్లగా ఉంటాయి. మూడు రోజుల క్రితం ఆ చేతులే భుజాలు పట్టుకున్నాయి. అక్క లేచి నిలబడి కాగితాన్ని రవికలో దోపుకుంది.

"ఎలా ఉన్నారమ్మా నాన్నగారు?"

"గుండె కొట్టుకుంటోంది. అంతకు మించి ఏం చెప్పట్లేదు." ఆమె బండి లోపలికి తొంగి చూసింది, కుళ్ళిన ఆకుల వైపు. "నీతో పోట్లాడ్డానికి రాలేదు. ఒక మాట చెప్పి పోదామని వచ్చాను."

"చెప్పు."

"నిన్న సాయంత్రం మా వరసవాళ్ళందరూ ఇంటికొచ్చారు. ఓదార్చడానికే అనుకున్నా. కాసేపయ్యాక ఒకావిడ అసలు సంగతి తీసింది. ఫిర్యాదు నర్సు మీద పెట్టు, బండి మీద పెట్టకు అంది. బండి ఆగిపోతే మళ్ళీ మనం ఆ పాకెట్ల బతుక్కి పోవాలి అంది." ఆమె బండిలోని క్యాబేజీ మీది వాడిన రేకు ఒకటి తుంచింది. "నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న అక్కడ చావుబతుకుల్లో ఉంటే వీళ్ళకి కూరలా అనుకున్నా. పొద్దున పిల్లలకి డబ్బాలో ఏం పెట్టాలా అని చూస్తే ఇంట్లో బిస్కెట్లున్నాయి. అప్పుడర్థమైంది."

అక్క మడత పెట్టిన గుడ్డలు ఒక పక్కకి జరిపింది.

"ఆఫీసరు అడిగితే నర్సమ్మ నీకేం చెప్పలేదని చెప్పు. చెప్పలేదుగా? చీటీ మీద ఏ గుర్తూ లేదుగా? ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. ఆమెకేం, చదువుకున్న మనిషి, ఇంకో చోట ఉద్యోగం వస్తుంది. ఇంత పైకి ఇంకో బండి రాదు."

ఇంతకంటే తేలికైన దారి ఎవరు చూపిస్తారు? దెబ్బ తిన్న మనిషే వచ్చి, ఇలా తప్పించుకో అని చెబుతోంది. ఔనంటే చాలు. తల ఊపితే చాలు. అక్క తల ఊపబోయింది కూడా. కానీ ఆ ఉబ్బిన తెల్లటి వేళ్ళు కనిపించాయి.

"నర్సమ్మ చెప్పింది," అంది అక్క. "కాగితం రాసి పంపింది. నేను చదవలేదు. టమాటాల కింద పరిచాను. ఇప్పుడే దొరికింది."

కూతురు టమాటా ట్రేల వైపు చూసింది.

"ఇంకోటి కూడా ఉంది. నాన్నగారు నన్నడిగారు, ఇది తినొచ్చా అని. నేనే తినమన్నాను. నవ్వుతూ చెప్పాను."

వరసలో ఎక్కడో ఎవరింట్లోనో నీళ్ళ పంపు కట్టేసిన చప్పుడు వినబడింది. కూతురు నెమ్మదిగా బండి అంచు పట్టుకుంది.

"ఆ రోజు నాకు ఫోన్ చేశాడు. 'అక్క నాకు నాలుగు కట్టలిచ్చిందే' అని. చిన్నపిల్లాడిలా. మా అమ్మ పోయాక మా నాన్న అంత సంబరంగా మాట్లాడ్డం నేను వినలేదు. ఏం తిన్నావు నాన్నా అంటే పాలకూర అన్నాడు. మర్నాడు అడిగినా పాలకూరే అన్నాడు." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అక్కకి అనిపించింది. "ఇదంతా నాకెందుకు చెప్పావు? నాకు చెప్పి నువ్వు తేలికపడదామనా?"

"కాదమ్మా. అక్కడ అందరి ముందూ మొదటిసారి వింటే నీకెలా ఉంటుందోనని."

"నన్ను క్షమించమని మాత్రం అడక్కు."

"అడగను."

వార్డు ఆఫీసు గదిలో ఒక ఫ్యాను, రెండు బీరువాలు, గోడవారగా బల్ల. బల్ల మీద ఒక చివర కూతురు కూర్చుంది. రెండో చివర అక్క. నర్సమ్మ ఆఫీసరు ఎదురుగా నిలబడే ఉంది. ఆమె కోటు జేబులోంచి ఎర్ర పెన్సిల్ తల బయటికి కనిపిస్తోంది. కళ్ళ కింద నల్లగా వలయాలు. అక్కని చూసి చిన్నగా తలాడించింది. ఆ పలకరింపుకి అక్క తల ఎత్తలేకపోయింది.

"చీటీ మీద గీత గీశానంటున్నారు," అన్నాడు ఆఫీసరు. "గీత లేదు. కాగితం పంపానంటున్నారు. కాగితం లేదు. మీ మాట నమ్మడానికి నాకేదో ఒకటి కావాలి కదమ్మా?"

"గీశాను సార్. ఆయన ఎదురుగానే గీశాను. ఏవి తినకూడదో నోటితో కూడా చెప్పాను. కాగితం ఆయాతో పంపాను."

"నకలు ఉందా?"

"లేదు సార్."

ఆఫీసరు నిట్టూర్చి అక్క వైపు తిరిగాడు. ఆయన చెడ్డమనిషేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పై నుంచి ఎవరో ఒకరి పేరు అడుగుతున్నారు, ఆయన ఒక పేరు రాయాలి. "నువ్వు చెప్పమ్మా. నీకేమైనా కాగితం అందిందా?"

అక్క లేచింది. రవికలోంచి మడత తీసి, విప్పి, ఆయన ముందు పెట్టింది. టమాటా వాసన గదంతా అలుముకుంది.

"అందింది సార్. చదవలేదు. ట్రే అడుగున పరిచాను. ఈమె తప్పేం లేదు, తప్పు నాది."

నర్సమ్మ ఒక అడుగు ముందుకి వేసి కాగితం మీది తన రాత చూసుకుంది. ఆఫీసరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత టేబులు సొరుగు లాగి బండి తాళంచెవి తీసి, కాగితం మీద బరువులా పెట్టాడు.

"దీనివల్ల నీ బండి పోతుంది. తెలుసా?"

"తెలుసు సార్."

"ఇంత చేసినా నర్సమ్మ పూర్తిగా బయటపడదు. కాగితం పంపింది, నిజమే. ఎర్ర గీతేది?" ఆయన ఫైల్లోంచి పెద్దాయన చీటీ తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "మీరే చూడండి. ఒక మూల బాగానే ఉంది. మూడు పోయాయి. ఎక్కడుంది గీత?"

అక్క చూసింది. రోజుకి వంద చీటీలు చింపే మనిషి, తన చేతి చింపుడు తనకి తెలీదా? రెండు మూలలు తనవే, వంకరటింకరగా పోగులు లేచి ఉన్నాయి. మూడోది చింపింది కాదు, కత్తిరించింది. గీసినట్టు సూటిగా ఉంది. ఆ అంచు పొడుగునా చిన్న చిన్న పళ్ళు, రంపం పళ్ళలా. ఒక పన్ను కొసన వెంట్రుకంత ఎరుపు మిగిలింది.

ఆమెకి ట్రేల మీది ఆకుపచ్చ గుడ్డల అంచులు గుర్తొచ్చాయి.

ఆయనే. నర్సమ్మ గీసిన మూలని ఆయనే కత్తిరించుకున్నాడు. ఒక వారం సంచీ పోతే పోయిందనుకుని, మిగిలిన మూడు వారాలు అందరిలా పాలకూర తినాలనుకున్నాడు. "అయిపోయిందేమోలే అమ్మా" అన్నప్పుడు ఎటో చూడ్డం అందుకు. అన్నీ తెలిసి కూడా "తినొచ్చంటావా" అని అడిగాడంటే, తినమని ఒక్కరైనా అనాలని అడిగాడు. తను అంది.

ఇప్పుడు నోరు విప్పితే చాలు. నర్సమ్మ బయటపడుతుంది. బండి మిగిలినా మిగలొచ్చు. కానీ నోట మాట లేకుండా పడున్న ముసలిమనిషి మీద, ఆయన కూతురు ఎదురుగా ఆ మాట ఎలా అంటుంది? అనకపోతే నర్సమ్మ ఉద్యోగం ఏమవుతుంది? అక్క నోరు తెరిచింది.

"ఏమ్మా, ఇంకేమైనా చెప్పాలా?"

అక్క తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. ఆఫీసరు ఇంకాసేపు చూసి, చీటీని కూతురికి అందించాడు. "ఇది మీ నాన్నగారిదేనని చెప్పి ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఇద్దరి పేర్లూ రాసి ఫైలు పైకి పంపేస్తాను."

కూతురు ఒక చేత్తో కలం, ఒక చేత్తో చీటీ అందుకుంది. చూడకుండానే సంతకానికి వంగింది. వంగుతుండగా ఆమె బొటనవేలు చీటీ అంచు మీద జారి, పళ్ళ దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి జరిపింది. ఆ కత్తెర చప్పుడు వింటూ పెరిగిన పిల్ల. ఆమె చిన్నప్పటి గౌన్ల లోపలి కుట్లన్నిటికీ ఆ పళ్ళ అంచులే.

తల ఎత్తి అక్క కళ్ళలోకి చూసింది. నీకు తెలుసా అని ఆ చూపు అడిగింది. అక్క కళ్ళు దించుకోలేదు.

కూతురు కలం తీసి టేబులు మీద పెట్టేసింది.

"సంతకం ఇప్పుడు పెట్టను సార్. మా నాన్న కళ్ళు తెరవాలి. ఆయన్ని ఒక మాట అడగాలి."

"రేపు పొద్దున్నకల్లా ఫైలు పైకి పోవాలమ్మా. ఆయన తెరవకపోతే?"

ఆమె చీటీని వదలకుండానే టేబులు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"సరే, ఆ చీటీ ఇలా ఇచ్చెయ్," అని ఆఫీసరు చెయ్యి చాపాడు.

ఉబ్బిన తెల్లటి వేళ్ళు ఆ చీటీ చుట్టూ గుప్పిటగా మూసుకున్నాయి, తెరుచుకోలేదు.